మీ సైట్‌లో సెర్చ్ పెట్టాలంటే: ఓపెన్ సోర్సా, డబ్బు కట్టే సర్వీసా?

గద్వాల చీరలమ్మే ఒక దుకాణం వెబ్‌సైట్ అనుకోండి. సరుకు ఎక్కించేటప్పుడు పేరు "గద్వాల పట్టు చీర" అని రాశారు. ఒకామె వచ్చి సెర్చ్ బాక్స్‌లో "గద్వాల్ పట్టు చీరలు" అని కొట్టింది, సైట్ "ఏమీ దొరకలేదు" అంది, ఆమె వెళ్ళిపోయింది. సరుకు ఉంది, కొనే మనిషి ఉంది, మధ్యలో ఒక పొల్లు, ఒక "లు" అడ్డం పడ్డాయి. నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు దుకాణాలకు, కాలేజీలకు, లోకల్ న్యూస్ వాళ్ళకు సైట్లు చేసే నన్ను చాలామంది అడిగేది "ఓపెన్ సోర్స్‌ది పెట్టుకోవాలా, డబ్బులు కట్టి తీసుకోవాలా" అని (ఓపెన్ సోర్స్ అంటే కోడ్ అందరికీ తెరిచి ఉచితంగా ఇచ్చే సాఫ్ట్‌వేర్). నేను ముందు ఈ చీర సంగతే చెప్తాను. ఏది కొన్నా, ఏది ఉచితంగా దించుకున్నా, మన తెలుగు మాటల దగ్గర తట్టుకోలేకపోతే దాని ధర ఎంతన్న లెక్క అనవసరం.

తెలుగులో విభక్తులు మాట చివర అతుక్కుంటాయి కదా, నల్లగొండలో, నల్లగొండకు, నల్లగొండతో, ఇలా. మాట మొదలు కలిస్తే చాలు అనుకునే ఇంజన్ (వెతికే సాఫ్ట్‌వేర్) అయితే వీటిలో చాలావరకు పట్టేస్తుంది, "చెరువు" అని కొడితే "చెరువులు", "చెరువుకు" రెండూ వస్తాయి. కానీ ఇది ఒక్క దిక్కే పనిచేస్తుంది. జనం "చీరలు" అని పొడుగ్గా కొట్టి, మీ దగ్గర "చీర" అని పొట్టిగా ఉంటే దొరకదు. ఇంకో చిక్కు, సున్నాతో ముగిసే మాటలు. "విత్తనం" బహువచనంలో "విత్తనాలు" అవుతుంది, సున్నా పోయి దీర్ఘం వస్తుంది, కాబట్టి "విత్తనం" అని వెతికిన రైతుకు "పత్తి విత్తనాలు" అన్న పేజీ మొదలు పోల్చినా కలవదు. పుస్తకం, పుస్తకాలు, వాహనం, వాహనాలు, అన్నీ ఇదే కథ. ఎరువులు, విత్తనాల దుకాణం సైట్‌కి ఇది చిన్న విషయం కాదు.

ఇంకా దగ్గరగా చూడాలంటే "మహబూబ్‌నగర్" అనే మాట తీసుకోండి. ఫోన్ కీబోర్డు కొన్నిసార్లు "బ్"కి, "న"కి మధ్య కంటికి కనిపించని ఒక గుర్తు పెడుతుంది, బకు న వత్తు పడకుండా. కొందరు ఆ గుర్తు లేకుండా కలిపి "మహబూబ్నగర్" అని రాస్తారు, కొందరు మధ్యలో ఖాళీ వదిలి "మహబూబ్ నగర్" అంటారు. మొదటి రెండింటికీ తేడా ఆ కనిపించని గుర్తు ఒక్కటే, కానీ దాన్ని తీసేసే ఏర్పాటు లేని ఇంజన్‌కు అవి రెండు వేరువేరు ఊళ్ళు. పైగా పాలమూరు అని వెతికేవాళ్ళు ఎటూ ఉంటారు. ఎలాస్టిక్‌సెర్చ్ అనే ఇంజన్‌లో మామూలుగా వచ్చే టోకెనైజర్ (వాక్యాన్ని మాటలుగా విడగొట్టే భాగం) ఈ గుర్తును మాటలోనే ఉంచేస్తుంది, ఐసీయూ నార్మలైజర్ ప్లగిన్ లాంటి ఏర్పాటు విడిగా పెడితేనే పోతుంది. ఇది తెలిసిన డెవలపర్‌కు అర గంట పని, తెలియకపోతే మాత్రం ఎందుకు దొరకట్లేదో ఎవరికీ అంతుపట్టదు, ఎందుకంటే స్క్రీన్ మీద చూస్తే తేడా ఒక్క వత్తు దగ్గరే, ఆ గుర్తు మాత్రం కంటికి కనిపించదు.

న్యూస్ సైట్ వాళ్ళకు ఇంకొకటి ఉంది. 2016 అక్టోబర్‌లో జిల్లాలు విడగొట్టాక పాత నల్లగొండ జిల్లా నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి అయింది. పాత మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల వచ్చాయి, 2019లో నారాయణపేట కూడా విడిపోయింది. 2014 నాటి పోచంపల్లి వార్తకు "నల్లగొండ జిల్లా" అనే ఉంటుంది, ఇప్పటి పాఠకుడు "యాదాద్రి భువనగిరి" అని కొడతాడు. ఈ లంకెను ఏ ఇంజనూ తనంతట తాను కనిపెట్టదు, పర్యాయపదాల పట్టికలో మనమే రాయాలి. బత్తాయి అన్నా మోసంబి అన్నా ఒకటే, ఇక్కత్ అన్నా టై అండ్ డై అన్నా ఒకటే అని కూడా అందులోనే చెప్పాలి. ఈ పట్టిక రాసే పని కంప్యూటర్ మనిషిది కాదు, దుకాణంలో కూర్చునే మనిషిది. ఎంపికలో ఇది నాకు చాలా ముఖ్యం, కింద మళ్ళీ చెప్తాను.

ఇక ఏమేం ఉన్నాయో చూద్దాం. అన్నిటికన్నా ముందు, మీ దగ్గర ఇప్పటికే ఉన్నది చూడండి. వర్డ్‌ప్రెస్ సొంత సెర్చ్‌ను అందరూ తిడతారు, కానీ అది డేటాబేస్‌లో ముక్క ఎక్కడ కలిసినా తెచ్చే పద్ధతి కాబట్టి తెలుగు విభక్తులకు కొంత మేలే చేస్తుంది. స్పెల్లింగ్ తప్పు అస్సలు మన్నించదు, కొట్టిన మాటలన్నీ ఉండాల్సిందే అంటుంది, పోస్టులు బాగా పెరిగితే నెమ్మదిస్తుంది. నాలుగు కోర్సులు, పాతిక నోటీసులు ఉన్న జూనియర్ కాలేజీ సైట్‌కి ఇంతకు మించి ఖర్చు పెట్టించడం అన్యాయం. సర్వర్ లేకుండా ఉత్త హెచ్‌టీఎంఎల్ పేజీలతో నడిచే సైట్ అయితే పేజ్‌ఫైండ్ అని ఒక ఓపెన్ సోర్స్ పరికరం ఉంది, సైట్ తయారయ్యాక పేజీలన్నీ చదివి సూచిక (ఏ మాట ఏ పేజీలో ఉందో చెప్పే పట్టిక) కట్టి పెడుతుంది, వెతికే పని చదివేవాళ్ళ బ్రౌజర్‌లోనే జరిగిపోతుంది. సర్వర్ బిల్లు లేదు, కాపలా లేదు.

దుకాణం సైట్ అయితే అసలు పోటీ మెయిలీసెర్చ్, టైప్‌సెన్స్, అల్గోలియా మధ్యనే. మొదటి రెండూ ఓపెన్ సోర్స్, మూడోది 2012లో పారిస్‌లో మొదలైన కమర్షియల్ సర్వీసు. మూడూ అక్షరం కొడుతుండగానే ఫలితాలు చూపిస్తాయి, మూడూ అక్షర దోషాలను మన్నిస్తాయి. ఈ మన్నింపు మనకు బాగా పనికొస్తుంది: "నల్లగొండ", "నల్గొండ" మధ్య తేడా ఒక్క కోడే (కంప్యూటర్ లోపల ఒక్కో గుర్తుకు ఉండే నంబరు), "గద్వాల", "గద్వాల్" మధ్య కూడా అంతే. అయితే లెక్క ఎట్లా ఉంటుందో చూడండి. "గద్వాల" మనకు మూడక్షరాలు, కంప్యూటర్ లోపల ఆరు కోడ్లు, ఎందుకంటే పొల్లు, గుణింతం విడివిడిగా ఉంటాయి. మెయిలీసెర్చ్ డాక్యుమెంటేషన్ ప్రకారం 5 అక్షరాల మాట నుంచి ఒక తప్పును, 9 నుంచి రెండు తప్పులను మన్నిస్తుంది, ఇవి మార్చుకోదగ్గ సెట్టింగులే.  "చీర"కు "చీరలు"కు తేడా రెండు కోడ్లు, కాబట్టి ఒక్క తప్పు మన్నించే చోట అది దాటదు. అందుకే సెట్టింగులు అట్లాగే వదిలేయకుండా మీ మాటలతో పరీక్షించి మార్చుకోండి.

ఇంకో తేడా చాలామంది గమనించరు. కొట్టిన మాటలన్నీ కలవనప్పుడు మెయిలీసెర్చ్ చివరి మాటలను ఒక్కొక్కటిగా వదిలేసి మిగతావాటితో వెతుకుతుంది, టైప్‌సెన్స్ కూడా ఫలితాలు లేకపోతే మాటలు తగ్గించుకుంటుంది. అల్గోలియాలో ఈ పని సెట్టింగులో ఆన్ చేస్తే తప్ప జరగదు. అంటే "గద్వాల్ పట్టు చీరలు" అని కొట్టినామెకు మొదటి రెండింటిలో "చీరలు" కలవకపోయినా గద్వాల పట్టు కనిపించే అవకాశం ఉంది, అల్గోలియా పెట్టుకున్నవాళ్ళు ఆ సెట్టింగ్ గుర్తుపెట్టుకుని మార్చాలి. డబ్బు కట్టారు కదా అని అన్నీ అమర్చి ఇస్తారనుకోవద్దు. అట్లాగే "మేము తెలుగును సపోర్ట్ చేస్తాం" అని పేజీలో రాసి ఉంటే అది దేన్ని సపోర్ట్ చేయడమో అడగండి. మాటలను విడగొట్టడం వేరు, ఏకవచనం బహువచనం కలపడం వేరు, అనవసరమైన మాటలు వదిలేయడం వేరు.

జనం ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టడం గురించి కూడా ఇక్కడే చెప్పాలి. మన గిరాకీలో ఎక్కువమంది అట్లాగే కొడతారు, మిగతావాళ్ళు మైకు నొక్కి మాట్లాడి అది ఏ స్పెల్లింగ్ ఇస్తే అదే పంపుతారు. దీనికి ఏ ఇంజనునూ నమ్మకండి, ప్రతి సరుకుకు పక్కన ఇంగ్లీషు అక్షరాల పేరు రాసుకునే గడి ఇంకొకటి పెట్టి, అందులో రెండు మూడు స్పెల్లింగులు వేయండి. విసుగు పుట్టించే పనే, కానీ ఫలితం వెంటనే కనిపిస్తుంది.

పెద్ద ఆర్కైవ్ ఉన్నవాళ్ళ సంగతి వేరు. ఏళ్ళ తరబడి వార్తలు, యూనివర్సిటీ థీసిస్‌లు, వేల పేజీల పుస్తకాలు ఉంటే సోలర్, ఎలాస్టిక్‌సెర్చ్, ఓపెన్‌సెర్చ్ వైపు చూడాలి. ఈ మూడింటి కింద ఉన్నది లూసీన్ అనే ఓపెన్ సోర్స్ లైబ్రరీ, 1999లో డగ్ కటింగ్ మొదలుపెట్టాడు. అందులో 9.0 వెర్షన్ నుంచి తెలుగు కోసమే ఒక ఎనలైజర్ ఉంది, లు, లో, కి, ను లాంటి చివరలను కోసేసి మాట మొదలును సూచికలో పెడుతుంది. సోలర్ 9లో దాన్ని నేరుగా వాడుకోవచ్చు. అది కొద్దిపాటి నియమాలతో పనిచేసేదే, సంధులు విప్పలేదు, కొన్నిచోట్ల ఎక్కువ కోస్తుంది. అయినా పెద్ద తెలుగు ఆర్కైవ్‌కు ఏమీ లేకపోవడం కన్నా ఎంతో నయం, ఈ ఒక్క కారణంతో నేను ఆర్కైవ్‌లకు సోలర్‌నే చెప్తాను. చిన్న దుకాణానికి మాత్రం వద్దు. జావా మీద నడుస్తుంది, మెమొరీ బాగా తింటుంది, చూసుకునే మనిషి కావాలి.

ఇప్పుడు డబ్బు. ఓపెన్ సోర్స్ అంటే సాఫ్ట్‌వేర్‌కు డబ్బు లేదు, సర్వర్‌కు ఉంది. టైప్‌సెన్స్ సూచికను మొత్తం ర్యామ్‌లో ఉంచుతుంది, వెతికే గడుల డేటాకు రెండు మూడింతల ర్యామ్ చూసుకోమని వాళ్ళే చెప్తారు. మెయిలీసెర్చ్ డిస్క్ మీద ఉంచుకుని అవసరమైనంత మెమొరీలోకి తెచ్చుకుంటుంది. రెండు మూడు వేల చీరల పేర్లు, వివరాలు అంటే కొద్ది ఎంబీలే, చిన్న సర్వర్ చాలు. ఆ సర్వర్ దగ్గర్లోనే తీసుకోండి, అమెజాన్ వాళ్ళకు ముంబై ఉంది, 2022 నవంబర్ నుంచి హైదరాబాద్ కూడా ఉంది. అక్షరం కొట్టినప్పుడల్లా ఫలితం రావాలంటే సర్వర్ అమెరికాలో ఉంటే ఆలస్యం స్పష్టంగా తెలుస్తుంది.

కమర్షియల్ సర్వీసులో బిల్లు ఎట్లా లెక్కిస్తారో ముందు చదవండి. అల్గోలియా లెక్క ఎన్ని రికార్డులు, ఎన్ని వెతుకులాటలు అన్నదాని మీద ఉంటుంది, అక్షరం అక్షరానికీ ఫలితాలు చూపించే పద్ధతి పెడితే ఒక మనిషి ఒక మాట వెతికినా అనేక రిక్వెస్టులు పోతాయి. తెలుగులో గుణింతం, వత్తు కలిసేటప్పుడు బాక్స్‌లో మాట మళ్ళీ మళ్ళీ మారుతుంది కాబట్టి ఇంకా ఎక్కువ. మీ డెవలపర్‌తో కొంచెం ఆగి పంపేట్టు పెట్టించండి, మూడో వంతు సెకను ఆగినా లెక్క బాగా తగ్గుతుంది. బతుకమ్మ, దసరా ముందు గిరాకీ పెరిగినప్పుడు బిల్లూ పెరుగుతుంది, అది అమ్మకాలతో పాటు పెరిగితే బాధ లేదు, ఉత్తగా చూసిపోయేవాళ్ళతో పెరిగితే నష్టం.

దీనికి తోడు బిల్లు డాలర్లలో వస్తుంది. కార్డు మీద నెలనెలా దానంతట అదే కట్ అవడానికి 2021 అక్టోబర్ నుంచి రిజర్వ్ బ్యాంక్ ఈ-మాండేట్ నియమాలు వచ్చాయి, 2022 నుంచి 15,000 రూపాయలు దాటితే ప్రతిసారీ ఓటీపీ కావాలి. మన ఊళ్ళో చిన్న దుకాణాల డెబిట్ కార్డులు విదేశీ ఆటో పేమెంట్‌కు చాలాసార్లు ఒప్పుకోవు. పేమెంట్ ఆగితే సెర్చ్ ఆగుతుంది, సెర్చ్ ఆగిన సంగతి యజమానికి గిరాకీ ఫోన్ చేసి చెప్తే గానీ తెలియదు. సంతకం చేసే ముందే ఏ కార్డు, ఎవరి పేరు మీద, బిల్లు మెయిల్ ఎవరికి వస్తుంది అన్నది తేల్చుకోండి.

గూగుల్ సెర్చ్ బాక్స్ ఉచితంగా పెట్టుకోవచ్చు కదా అంటారు. పెట్టుకోవచ్చు, ఉచితంగా వాడితే ప్రకటనలు వస్తాయి, మీ చీరల సైట్‌లో పక్క దుకాణం ప్రకటన కనిపిస్తే మీకే నష్టం. పైగా గూగుల్ చదివిన పేజీలే వస్తాయి, పొద్దున ఎక్కించిన సరుకు అందులో ఉండకపోవచ్చు. ప్రకటనలు లేకుండా డబ్బు కట్టే గూగుల్ సైట్ సెర్చ్ ఒకటి ఉండేది, 2017లో అమ్మడం ఆపి 2018లో మూసేశారు. అమెజాన్ క్లౌడ్‌సెర్చ్ 2024 జూలై నుంచి కొత్తవాళ్ళను తీసుకోవట్లేదు. పెద్ద కంపెనీ కాబట్టి ఎప్పటికీ ఉంటుందనే ధీమా వద్దు.

ఓపెన్ సోర్స్‌లోనూ ఇట్లాంటివి జరిగాయి. ఎలాస్టిక్‌సెర్చ్ 2021లో లైసెన్సు మార్చి ఓపెన్ సోర్స్ నుంచి తప్పుకుంది, అమెజాన్ పాత కోడ్ తీసుకుని ఓపెన్‌సెర్చ్ అని వేరు కుంపటి పెట్టింది, 2024లో ఎలాస్టిక్ వాళ్ళు ఏజీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సు కూడా జోడించి మళ్ళీ వెనక్కి వచ్చారు. అయితే ఇక్కడ ఒక తేడా ఉంది, నాకు ఓపెన్ సోర్స్ మీద మొగ్గు ఉండడానికి కారణం కూడా అదే. లైసెన్సు మారినా మీ సర్వర్‌లో ఉన్న పాత వెర్షన్ మర్నాడు ఆగిపోదు, ఇంకో దారి చూసుకునే సమయం మీ చేతిలో ఉంటుంది.

మరి అందరికీ ఓపెన్ సోర్సే చెప్పొచ్చు కదా అంటే, చెప్పను. చూసుకునే మనిషి లేని సర్వర్ ప్రమాదం. 2020లో మియావ్ అనే దాడిలో పాస్‌వర్డ్ లేకుండా ఇంటర్నెట్‌కు తెరిచి వదిలేసిన ఎలాస్టిక్‌సెర్చ్, మాంగోడీబీ డేటాబేసులు వేల సంఖ్యలో తుడిచిపెట్టుకుపోయాయి. ఎలాస్టిక్‌సెర్చ్‌లో భద్రత మొదటి నుంచే ఆన్ అయి రావడం 2022లో 8.0 నుంచే. 2021 డిసెంబర్‌లో లాగ్‌ఫోర్‌జే అనే జావా లైబ్రరీలో లోపం బయటపడ్డప్పుడు సోలర్ నడిపేవాళ్ళు హడావిడిగా సరిచేసుకోవాల్సి వచ్చింది. సైట్ చేసిచ్చిన కుర్రాడు హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోతే ఆ సర్వర్‌ను ఎవరు అప్‌డేట్ చేస్తారు? దీనికి పేరుతో సహా జవాబు చెప్పలేకపోతే సొంత సర్వర్ పెట్టకండి, నాకు ఇందులో రెండో మాట లేదు.

అట్లాంటివాళ్ళకు మధ్యేమార్గం ఉంది, ఎక్కువమందికి నేను చెప్పేది కూడా అదే. మెయిలీసెర్చ్, టైప్‌సెన్స్ రెండిటికీ ఆ కంపెనీలే నడిపే క్లౌడ్ ఉంది. నెలకు కొంత కడతారు, సర్వర్‌ను చూసుకునే భారం చాలావరకు వాళ్ళది, రేపు ఖర్చు ఎక్కువైందనిపిస్తే అదే ఇంజన్‌ను సొంత సర్వర్‌లో పెట్టుకుని వెళ్ళిపోవచ్చు, సైట్ కోడ్ దాదాపు మార్చక్కర్లేదు. టైప్‌సెన్స్ క్లౌడ్‌లో బిల్లు వెతుకులాటల సంఖ్యను బట్టి కాక ముఖ్యంగా తీసుకున్న మెమొరీ, సీపీయూను బట్టి ఉంటుంది కాబట్టి పండుగ నెలలో టెన్షన్ తక్కువ.

అల్గోలియా ఎవరికి? అమ్మకాల్లో ఎక్కువ భాగం సైట్ మీదే జరిగి, డెవలపర్ లేకుండా దుకాణం మనిషే స్క్రీన్ తెరిచి పర్యాయపదాలు చేర్చాలి, ఫలానా చీర పైకి రావాలి అని మార్చాలి అనుకునేవాళ్ళకు. ఇందాక చెప్పిన పట్టిక సంగతి ఇక్కడ తేలుతుంది. సొంత సర్వర్‌లో నడిపే ఉచిత ఇంజన్లలో పర్యాయపదాలు మామూలుగా ఏపీఐ ద్వారా, కోడ్ రాసి పంపాలి, అంటే ప్రతి కొత్త మాటకూ డెవలపర్‌కు ఫోన్ చేయాలి, రెండు నెలల తర్వాత ఎవరూ చేయరు, పట్టిక అక్కడే ఆగిపోతుంది. అల్గోలియా స్క్రీన్‌లో జనం ఏం వెతికి ఏమీ దొరక్క పోయారో కూడా కనిపిస్తుంది, ఆ జాబితా కోసమే డబ్బు కట్టినా తప్పులేదు. టైప్‌సెన్స్‌లోనూ దొరకని మాటలను దాచే ఏర్పాటు ఉంది, కాకపోతే దాన్ని పెట్టించుకోవాలి. ఎందులో పెట్టినా ఆ జాబితాలో ఫోన్ నంబర్లు, మనుషుల పేర్లు పడుతుంటాయి, ఎక్కువ కాలం దాచుకోకండి.

తేల్చుకునే పద్ధతి ఇది. వాట్సాప్‌లో గిరాకీ పంపిన మెసేజ్‌లు తెరిచి, వాళ్ళు సరుకును ఏ మాటతో అడిగారో ఉన్నదున్నట్టు, తప్పులతో సహా ఒక ముప్పై నలభై రాసుకోండి. న్యూస్ సైట్ అయితే ఊళ్ళ పేర్లు రెండు మూడు స్పెల్లింగుల్లో, మహబూబ్‌నగర్ మూడు రకాలుగా. ఎంచుకున్న రెండు ఇంజన్లలో అదే సరుకు ఎక్కించి, ఒక్కో మాటకు మొదటి ఐదు ఫలితాల్లో సరైనది వచ్చిందా లేదా అని టిక్కులు పెట్టండి. డెవలపర్ పెట్టొద్దు, కౌంటర్ దగ్గర కూర్చునే మనిషి పెట్టాలి. రెండిటికీ టిక్కులు దగ్గరదగ్గరగా వస్తే, నడిపించే మనిషి ఉంటే ఓపెన్ సోర్స్, లేకపోతే దాని క్లౌడ్. తేడా బాగా ఎక్కువగా ఉంటే ఏది గెలిస్తే అది, డబ్బు కట్టేదైనా సరే. ఆ మాటల జాబితాను, పర్యాయపదాల పట్టికను మాత్రం ఆ సర్వీసు లోపలే వదలకుండా ఒక ఎక్సెల్ షీటులో మీ దగ్గర కూడా ఉంచుకోండి, ఇంజన్ మార్చినప్పుడు మళ్ళీ మొదటి నుంచి రాయక్కర్లేదు.